కాకికి ఇచ్చిన మాట

అంబత్తూరులో డ్యూటీ ఎక్కబోతుండగా పిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన లేవటంలేదురా. ఒళ్ళు చల్లంగా ఉండాది," అంది. నేను తొండియార్‌పేట చేరేసరికే ఇంటినిండా బంధువులు. ఇనుప సామాను కొట్లో రోజంతా బేరాలాడే మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఆదివారం మాత్రం ఆయన కొట్టు మనిషి కాదు. తెల్లారకముందే నన్ను స్కూటర్ ఎక్కించుకుని మనలి అవతల ఉప్పుటేటి గట్టుకు తీసుకుపోయేవాడు. ఎగిరే పిట్టను ఫోటో తీయడమంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది అక్కడే. లెన్సు బరువుకు భుజం లాగేస్తుంది. ఫోకస్ కుదిరేలోపు పిట్ట దాటిపోతుంది. ఇంటికొచ్చి చూస్తే ఒక తోకో, ఉత్త ఆకాశమో! నేను విసుక్కుంటే నవ్వేవాడు. "దాని ఎంట పడబాక. అది వచ్చే దోవలో నువ్వు ముందే ఉండు, సరియా?" ఎప్పుడో ఒకటి, ఈకలు విడివిడిగా కనపడేలా పడేది. ఇక ఆ వారమంతా కొట్టుకొచ్చినవాళ్ళకు అది చూపించాకే సరుకు తూచేవాడు. పిన్నమ్మకు ఒళ్ళు మండేది.

ఆయనకు చిక్కనిది ఒక్కటే. లకుముకి పిట్ట నీళ్ళ మీద గాల్లో నిలబడి, ఉన్నట్టుండి రాయిలా పడుతుంది. దాని ముక్కు నీటిని తాకీతాకని క్షణం కావాలాయనకు. "అదొక్కటి దొరికితే చాలురా, కెమెరా మూసి పెట్టేస్తా," అనేవాడు. ఏళ్ళ తరబడి దొరకలేదు.

పదోరోజు సముద్రం ఒడ్డున పిండం పెట్టాం. కాకులు పడవల మీద కూర్చుని చూస్తున్నాయే గానీ ఒక్కటీ దిగలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు పెద్దలు. కొట్టు నడుపుతానని చిన్నాయన కొడుకు మాట ఇచ్చాడు. పిన్నమ్మ చేతులు జోడించి, "నాకేం కాదు, దిగులు పడకుండా పోండి," అని ఏడ్చింది. అయినా కాకి రాలేదు. ఎండ ఎక్కుతోంది. ఆమె ముఖం చూడలేక, "ఆ ఫోటో నేను తీస్తా చిన్నాయనా," అన్నాను గట్టిగా. ఒక కాకి దిగి మెతుకులు ముట్టింది.

అప్పటినుంచి ఆదివారాలు ఆయన కెమెరాతో నేనొక్కణ్ణే పోతున్నాను. గట్టు మీద నా పక్కన ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. తిరిగి చూడను. భయం వల్ల కాదు, చూస్తే ఉండడేమోనని. ఇంటికొస్తే పిన్నమ్మ అడుగుతుంది, "దొరికిందా?" లేదంటే, "సరి, తొందరేముండాది," అంటుంది. ఆమె గొంతులో ఊరట నాకు తెలుస్తూనే ఉంటుంది.

మొన్న పిట్ట సరిగ్గా నా ముందు గాల్లో నిలబడింది. వెలుతురు కుదిరింది, ఫోకస్ కుదిరింది. కిందికి పడింది, ముక్కు నీటికి ఆనింది. మాట తీరిపోతే ఆయన నిజంగానే వెళ్ళిపోతాడు. నా వేలు కదల్లేదు. నీళ్ళు చెదిరి, వలయాలు ఒకదాని వెనక ఒకటి నా కాళ్ళదాకా వచ్చి ఆగాయి.