కొండ దిగే బ్రేకులు

మా కారుకు రెండే సీట్లు. పెళ్లికి ముందే నాన్న కొన్న పాతకాలపు స్పోర్ట్స్ కారు అది. పెళ్లయ్యాక అమ్మను తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు అందులోనే తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు నేను వాళ్లిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునేదాన్ని. పెద్దయ్యాక చోటు చాలక, రెండో సీటు మళ్లీ అమ్మదే అయింది.

పోయినేడు అమ్మానాన్నలు తిరుత్తణి కొండ దిగుతుంటే ఒక మలుపులో కారు వెనక భాగం ఎగిరి పక్కకు జరిగిందట. బ్రేకు తొక్కినా చాలా దూరం పోయిగానీ ఆగలేదట. దెబ్బలేమీ తగల్లేదు. అమ్మ మాత్రం దిగి, చీర సర్దుకుని, "ఇంక నేను దీన్లో ఎక్కను. మీరూ మీ బండీ సల్లగుండండి" అని మెట్లదారిన నడిచిపోయింది. ఆ రోజు ఆమె లోకల్ రైల్లో, ఆయన కారులో, వేరువేరుగా ఇల్లు చేరారు.

నాన్న వాదించలేదు. ఇదే కారు తర్వాతి మోడల్లో ఆ లోపం సరిచేశారని ఆయనకు తెలుసు. వెనక అడ్డంగా ఉండే పట్టీల స్ప్రింగు మా దాంట్లో గట్టిగా బిగించి ఉంటుంది. అందుకే మలుపులో చక్రం లోపలికి ముడుచుకుంటుంది. తర్వాతి దాంట్లో పట్టీలు నడుమ దగ్గర కాస్త ఊగుతాయి, చక్రం నిలబడుతుంది. బ్రేకు డ్రమ్ములూ పెద్దవి. చెన్నైలో అలాంటి కారొకటి విడిభాగాల కోసం విప్పేశారని తెలిసి వెళ్లాడు. స్ప్రింగునూ డ్రమ్ములనూ మా బట్టల కొట్టు గోనెపట్టాలో చుట్టి రైల్లో మోసుకొచ్చాడు.

"ఏమది, నా సవితికి నగా?" అంది అమ్మ గుమ్మంలోంచే.

"నీకే. నీ నడుముకు కుదుపు తగలకుండా."

అమ్మ నవ్వు దాచుకుని లోపలికి పోయింది.

ఆదివారాలు ఆ పనికే పోయాయి. పాత చేతిబ్రేకు తీగ కొత్త భాగాలకు అందక ఒక వారం వృథా అయింది. చివరికి బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం మిగిలింది. దానికి ఇద్దరు కావాలి. నేను సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టి "తొక్కినా" అనాలి. కింద పడుకున్న నాన్న చక్రం దగ్గర మర సడలిస్తే, నూనె బుడగలతో సీసాలోకి దిగుతుంది. ఆయన మర బిగించి "వదులు" అన్నాకే నేను కాలు తీయాలి.

అన్నాను. కానీ మెల్లగా. కాసేపు ఆగి, పనైపోయిందనుకుని కాలు తీశాను. నేను తొక్కే ఉంటాననుకుని సరిగ్గా అప్పుడే ఆయన మర సడలించాడు. గాలి మళ్లీ లోపలికి పోయింది.

"పాపా, కాలు తీసేసినావా?"

"చెప్పినా కదా నాయనా..."

"యాడ చెప్పినావు? నువ్వు రాసుకునే ఆ డైరీకి చెప్పింటావు. నాకు ఇనబడ్లా."

మేముండే మణవాళనగర్‌లో ఇళ్లు ఆనుకుని ఉంటాయి. ఎదురు మేడ మీద ఒకావిడ బట్టలారేస్తోంది. ఆవిడకు వినబడుతుందని సిగ్గేసింది. మళ్లీ మెల్లగానే అన్నాను, మళ్లీ గాలి. పక్క సీటు కేసి చూశాను. అమ్మ కూర్చునేది అక్కడే.

"తొక్కినా!" అని అరిచాను.

ఎదురింటావిడ తిరిగి చూసింది. చేతులు తుడుచుకుంటూ అమ్మ బయటికొచ్చింది. "ఈ బిడ్డకు ఇంత గొంతుందా!" అంటూ వచ్చి సీసా ముందు గొంతుక్కూర్చుంది. "ఇంకోసారి తొక్కు. అదో, చిన్నది ఒగటొచ్చె. ఆపొద్దండి."

ఆఖరి బుడగ పోయేదాకా ఆమె లేవలేదు.

నాన్న ముందు ఒక్కడే రెండుసార్లు కొండెక్కి దిగి వచ్చాడు. ఆ తర్వాతే అమ్మ సరేనంది. నేను రైల్లో వెళ్లి కొండ కింద నిలబడ్డాను. కారు చివరి మలుపు తిరిగింది. వెనక భాగం కదల్లేదు. నా ముందుకొచ్చి మెత్తగా ఆగింది. అమ్మ చెయ్యి తలుపు మీద లేదు. ఒళ్లో మూత తీసిన పంచామృతం డబ్బా పెట్టుకుని వేలితో తీసుకుని నాకుతోంది.

నాన్న బ్రేకు మీద కాలుంచి నా వైపు చూశాడు. "తొక్కినా."

చుట్టూ జనం. అయినా గట్టిగానే అన్నాను. "వదులు నాయనా!"

అమ్మ డబ్బా నా చేతిలో పెట్టింది. "రైల్లో తిను. మేము ముందుబోయి అన్నం వండుతాం."