మైకం అన్నందుకు

నేనెక్కిన ప్రైవేటు బస్సు యజమానికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా కనుక్కుని చెబుతామంటారు, చెప్పరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయనగరం. పని మీద మదనపల్లె నుంచి కుప్పం వెళ్తున్నాను. పుంగనూరు దాటాక బస్సు కుదుపులకు కడుపులో తిప్పింది. వికారంగా ఉందంటే కండక్టర్ ప్లాస్టిక్ కవరు ఇచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

కాసేపటికి నా పక్కనున్న పెద్దాయన తూలిపోతూ కండక్టర్ చెయ్యి పట్టుకున్నాడు. కుప్పం ఆసుపత్రిలో కూతురికి కాన్పు కష్టమైందని కబురొస్తే, ఏమీ తినకుండా బయల్దేరానని ఎక్కగానే నాతో చెప్పిన మనిషి.

"మైకంగా ఉండాదప్పా" అన్నాడు.

"పొద్దన్నే యాడ తాగినావు?" అన్నాడు కండక్టర్.

"తాగలేదప్పా. మైకం, అంతే."

"సూడండి, ఆయప్పే ఒప్పుకుంటాండాడు!"

బస్సంతా నవ్వింది. పెద్దపంజాణి వైపు పోయే దారి దగ్గర ఆయన్ని ఎండలో దించేశారు. వద్దని నేను అరిస్తే, "మీకు కవరిచ్చినా గదా సార్, కూసోండి" అన్నాడు కండక్టర్.

బస్సు కదిలాక వెనక సీటులోని కుప్పం ఆవిడ మెల్లగా అంది: "మా పక్క తల తిరిగినా మైకమనే అంటామప్పా. అరవం కలిసిన మాట."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

ఇద్దరికీ వచ్చింది ఒకటే బాధ. నేను మాత్రం కుప్పం చేరాను.

ఆ కండక్టర్ పని మానేశాడని మాత్రం ఇప్పుడు బస్సు యజమాని చెబుతున్నారు. నేనడిగింది అతని సంగతి కాదు. ఆ పెద్దాయన కూతురి దగ్గరికి చేరాడా, లేదా? ఎవరో ఒకరు నాకు జవాబు చెప్పండి.