దోనె ఒరిగితే

మాది పెంటపాడు. చుట్టూ వరిచేలు, నీళ్ళంటే కాలవలో మోకాలి లోతు నీళ్ళే. అలాంటి ఊళ్ళో పెరిగిన నన్ను తీసుకొచ్చి కొల్లేటి నడుమ ఒక లంకలో ఇచ్చారు. ఆకివీడులో రైలు దిగి, కొంత దూరం ఎడ్లబండిలో పోయి, ఆపైన తాటిదోనె ఎక్కాలి. తాటిమానుని నిలువునా చీల్చి లోపల తొలిచేస్తే అదే దోనె. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి అందులో కూర్చున్నాను. అది కుడివైపు ఒరిగింది. భయపడి నేనూ కుడివైపే ఒరిగాను. పట్టుచీరతోనే కొల్లేట్లో మునిగి లేచాను.

మావారు నన్ను పైకి లాగి, నవ్వు ఆపుకుంటూ, దోనె ఎటు ఒరిగితే మనిషి దానికి ఎదురువైపు ఒరగాలని పాఠం చెప్పారు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది నడకతోపాటే వచ్చేస్తుంది. నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను దోనె ఎక్కుతుంటే ఒడ్డున పిల్లలు వినోదం చూడటానికి చేరేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మావారు తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రానికి ఇంటికి వచ్చేవారు. ఆ మిల్లు ఇంజను ముసలిది. దాన్ని రోజూ బుజ్జగించి నడిపించాలి. నాతో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడతారని నేను దెప్పేదాన్ని. ఆయన కాదనేవారు కాదు.

యాభైల మొదట్లో ఒక శనివారం బర్మా కబురు పట్టుకొచ్చారు. రంగూను నుంచి వచ్చిన మిల్లు యజమాని బంధువు ఒకాయన చెప్పాడట. అక్కడ కొండల్లో తగరం గని ఉంది, గనిలో ఊరే నీళ్ళు తోడే ఇంజన్లకి మనిషి కావాలి. ఆరు నెలలు పని, తర్వాత నెలన్నర ఇంట్లో ఉండి మళ్ళీ వెళ్ళడం. జీతం ఇక్కడిదానికి ఎన్నో రెట్లు. అంత జీతం ఊరికే ఎవరిస్తారని అడిగాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ దేశంలో తిరుగుబాటు జరుగుతోంది. గనికి వెళ్ళే రోడ్డుమీద తుపాకులవాళ్ళు కాపు కాస్తున్నారు. అందుకని కంపెనీవాళ్ళు మనుషుల్ని రంగూను నుంచి విమానంలోనే తీసుకెళ్ళి, విమానంలోనే తిరిగి తెస్తారట.

“నేలమీద భయమని గాల్లో తిప్పుతారాండీ?” అన్నాను.

విమానాల గురించి నాకు తెలిసిందల్లా తాడేపల్లిగూడెం రన్‌వే. యుద్ధం రోజుల్లో వేసింది. మా పుట్టింటివాళ్ళు వానలకి ముందు అక్కడ ధాన్యం ఆరబోసేవారు. విమానాలు దిగేచోట వడ్లు బాగా ఆరతాయన్నంత వరకే నా పరిజ్ఞానం.

మా అత్తగారు ముందే చేతులు దులుపుకున్నారు. “వాడు నా మాట వినే వయసు దాటిపోయింది. నువ్వు వద్దంటే ఆగుతాడమ్మాయ్” అన్నారు. మొత్తం బరువు నా నెత్తిమీద పడింది. వద్దనాలనే ఉంది. కానీ మాది మట్టిగోడల ఇల్లు, ఏటా వానాకాలంలో కొల్లేరు గడప దాటి లోపలికి వచ్చేది. ఎత్తుగా అరుగు లేపి పక్కా ఇల్లు కట్టాలని ఇద్దరికీ ఆశ. దానికి మించి, ఆ గనిలో ఇంజను మన ఇల్లంత ఉంటుందట అని చెబుతున్నప్పుడు ఆయన మొహం చూశాను. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత వెలగలేదు. ఉడుకుమోత్తనం పక్కనపెట్టి ఒక షరతు మీద ఒప్పుకున్నాను. ఒక్కసారి వెళ్ళి రావాలి. మళ్ళీ వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం ఆయన తిరిగొచ్చాక నేను చెబుతాను, దానికి ఎదురు చెప్పకూడదు. ఆయన సరేనన్నారు. తొలకరి పడగానే బయలుదేరి వెళ్ళారు.

ఆ ఆరు నెలలూ ఆకాశంలో ఏ చప్పుడైనా తల ఎత్తి చూశాను. ఎక్కువగా కొంగలే కనిపించేవి. ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వస్తే నాలుగు ముక్కల్లో మూడు ఇంజను గురించి, ఒకటి అన్నం గురించి. భయపడాల్సింది ఏమీ రాయలేదు కాబట్టి నేను ఇంకా భయపడ్డాను.

చలికాలంలో తిరిగొచ్చారు. రంగూనులో ఓడెక్కి, విశాఖపట్నంలో దిగి, అక్కణ్ణుంచి రైళ్ళు మారి. సన్నబడ్డారు, నల్లబడ్డారు, హుషారు మాత్రం తగ్గలేదు. ఊరంతా మా అరుగు మీదకి చేరింది. అందరికీ విమానం కథే కావాలి. లోపల రెండు పక్కలా పొడుగు బల్లలు, మధ్యలో బియ్యం బస్తాలు, ఇనపగొట్టాలు. కొండల మధ్యకి వెళ్ళేసరికి విమానం ఒక పక్కకి బాగా ఒరిగిందట. మావారికి అప్పుడు విమానం గుర్తు లేదు, దోనె గుర్తొచ్చింది. ఎదురువైపుకి ఒరిగిపోయి, “ఇటు ఒరగండి, ఇటు” అని అందరికీ చెప్పారట. పక్కన విశాఖ జిల్లా వంటమనిషి మారుమాట్లాడకుండా ఒరిగాడు. అతన్ని చూసి అతని పక్కవాడు. బల్లంతా ఒరిగింది. విమానం నిజంగానే సర్దుకుంది. ఇంకేముంది, మనవాళ్ళే గట్టెక్కించారని అందరూ నమ్మారు. తిరుగు ప్రయాణంలో కొత్తగా ఎక్కినవాళ్ళకి ఆ వంటమనిషే పాఠం చెప్పాడట.

మా అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేనూ నవ్వాను. ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. ఇంత సరదాగా గడిచిన చోటికి ఇంకోసారి వెళితే మాత్రం ఏమిటని మనసు మెత్తబడింది. అప్పటికే ఇంటికి పునాది కూడా తీయించాం. మళ్ళీ వెళ్ళమని చెప్పడానికి నేను దాదాపు సిద్ధపడిపోయాను.

నెల తిరక్కుండా ఒక పొద్దున ఆకివీడు సంతకి బయలుదేరాం. ఆయన నిలబడి గెడకర్రతో దోనె తోస్తున్నారు, నేను ముందు కూర్చున్నాను, ఆయన వైపు తిరిగి. శీతాకాలంలో కొల్లేటికి బాతులొస్తాయి, వాటి వెనకాలే ఏలూరు నుంచి తుపాకులు పట్టుకుని వేటగాళ్ళొస్తారు. మాకది ఏటా ఉండేదే. కాస్త దూరంలో రెల్లు వెనక తుపాకీ పేలింది.

గెడ నీళ్ళలో పడింది. మావారు దోనెలో బోర్లా పడిపోయారు, తలమీద రెండు చేతులు పెట్టుకుని. దోనె ఎడమవైపు ఒరిగిపోయింది. అంచు మీంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి, ఆయనేమో ఆ పక్కకే ముడుచుకుని పడి ఉన్నారు. నడక రానప్పట్నుంచీ దోనె నడిపిన మనిషి. నేను ఏమీ ఆలోచించలేదు. కుడివైపుకి ఒరిగి గట్టిగా పట్టుకున్నాను. దోనె ఊగి ఊగి నిలబడింది. బాతులు మా తలమీంచి వెళ్ళిపోయాయి.

ఆయన మెల్లగా లేచి కూర్చుని మొహం తుడుచుకున్నారు. నా వైపు చూడలేదు. గెడ దూరంగా తేలిపోతోంది, నేను చేతులతోనే నీళ్ళు తోస్తూ దానివైపు పోనిచ్చాను.

“విమానం కథ చెప్పారు కానీ, నేలమీద కథ చెప్పలేదేమండీ?” అన్నాను.

దోనెలో చేరిన నీళ్ళు దోసిలితో తోడిపోస్తూ చెప్పారు. “సాయంత్రాలు కొండమీంచి కాలుస్తారు. సైరను మోగితే ఎక్కడివాళ్ళం అక్కడ బోర్లా పడుకోవడమే. మొదట్లో భయమేసేది. ఇప్పుడు అలవాటైపోయింది.”

ఆ అలవాటైపోయిందన్న మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. అంతవరకూ రాలేదు.

“మళ్ళీ వెళ్ళాలా వద్దా నేను చెబుతానన్నాను కదండీ. వద్దు.”

“మరి ఇల్లో?”

“నీళ్ళొస్తే మంచమెక్కి కూర్చుందాం.”

ఆయన మాట తప్పే మనిషి కాదు, ఎదురు చెప్పలేదు. చేతికి అందిన గెడ తీసుకుని సంతకి పోనిచ్చారు. ఆ రోజు వంకాయలు కూడా కొన్నాం. ఆపైన మిల్లు ముసలి ఇంజను దగ్గరికి మళ్ళీ వెళ్ళిపోయారు, అది ఆయన లేని ఆరు నెలల్లో అందరినీ ఏడిపించి పెట్టిందట.

మరుసటి వానాకాలానికి పునాది పునాదిగానే ఉంది. కొల్లేరు ఎప్పట్లాగే గడప దాటింది. మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. మా అత్తగారు ఒక మంచం మీద, మేమిద్దరం ఇంకో మంచం మీద, కుంపటి బల్ల మీద. ఇంట్లోకి వచ్చిన కొర్రమీనుని మా అత్తగారు కూర్చున్నచోటే కూర్చుని బుట్ట బోర్లించి పట్టారు. పులుసు ఘుమఘుమలాడుతుంటే, ఉండబట్టలేక అడిగాను.

“ఆ పెద్ద ఇంజను గుర్తొస్తుందాండీ?”

“రోజూ వస్తుంది” అన్నారాయన.

లేదని చెప్పి నన్ను సంతోషపెట్టే ప్రయత్నం చేయలేదు. ఆయనకి దగ్గరగా జరిగాను. మంచం కోడు ఇటుక మీంచి జారింది. మంచం ఒక పక్కకి ఒరిగింది. ఇద్దరం ఒక్కసారే రెండో పక్కకి ఒరిగాం.