మైనం ఉండలు

కరెంటు వచ్చాక కొవ్వొత్తి ఆర్పితే వచ్చే వాసనకు నాకు తాతయ్య గుర్తొస్తాడు.

కళ్ళంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో తాతయ్య అక్కడే కావలి పడుకునేవాడు. చలిమంట వేద్దామంటే మంచుకు తడిసిన పత్తికట్టె ఓ పట్టాన అంటుకోదు. అందుకని పనికిరాని పత్తిని ఉండలు చుట్టి, కరిగించిన కొవ్వొత్తి ముక్కల్లో ముంచి, డబ్బాలో దాచుకునేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు ఆ ఉండలన్నీ నేనే చుట్టాను. "ఈ ఏడు నిన్నూ కళ్ళానికి తీసుకెళ్తాలే" అన్నాడు.

మిరపకాయలు పండకముందే తుపాను ముసురు పట్టింది. ఆ ముసురులోనే నాయనమ్మ చనిపోయింది. చనిపోవడమంటే ఏమిటో నాకప్పటికి తెలియదు.

"కట్టెలన్నీ నానిపోయినయ్ నాన్నా, ఎట్టా?" అన్నాడు బాబాయి.

తాతయ్య లోపలికొచ్చి మా డబ్బా తీసి బాబాయి చేతిలో పెట్టాడు. నాయనమ్మను మోసుకుని అందరూ కళ్ళానికే వెళ్తున్నారనుకున్నాను.

"నేనూ వస్తా! మాటిచ్చావుగా తాతయ్యా!"

"నువ్వొద్దు తల్లీ" అన్నాడు. ఏడుస్తూ గుమ్మానికి అడ్డం పడితే అమ్మ నన్ను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది.

మిరపకాయలు కళ్ళంలో పోశాక తాతయ్య నిజంగానే నన్ను తీసుకెళ్ళాడు. ఎండిన కట్టె పక్కనే ఉన్నా మంట వెయ్యలేదు.

"చలేస్తోంది, మంటెయ్ తాతయ్యా."

తన దుప్పటి తీసి నాకు కప్పాడు. "ఇప్పుడు ఎచ్చగుందా?"

ఎచ్చగుందన్నాను. ఆయన మంట ఎందుకు వెయ్యలేదో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆయనకూ చలేస్తుందని అప్పుడు తోచనేలేదు.