ఎలిశిబా కొట్టని గంట

మెదక్‌లో శశిధర్ సారు పెట్టిన బడి చర్చిదీ కాదు, మసీదుదీ కాదు, గుడిదీ కాదు. అందుకే పొద్దుటి ప్రార్థన దగ్గరే పేచీ వచ్చింది. ఎవరి పాట పాడినా ఇంకొకరి మూతి ముడుచుకునేది. చివరికి సారు, "ఎవరి దేవుణ్ని వాళ్లు కండ్లు మూసుకొని మనసులనే తలుసుకోండ్రి" అని తీర్పు చెప్పాడు. బాగానే ఉంది గానీ, మౌనం ఎప్పుడు అయిపోయిందో తెలిసేదెలా? ఆ భారం బడి ఆయమ్మ ఎలిశిబా మీద పడింది. వేలాడగట్టిన రైలు పట్టా ముక్క మీద ఆమె ఒక్క దెబ్బ వేసేదాకా సారైనా సరే కళ్లు తెరవకూడదు. ఆ పెత్తనమంటే ఎలిశిబాకు మహా ముచ్చట.

ఆ ఏడు పదో తరగతికి సర్కారు గుర్తింపు రావాలి. రాకపోతే పిల్లల్ని పరీక్షకు కూర్చోనివ్వరు. ఎలిశిబా కూతురు లలితదీ ఆ తరగతే. తల్లికి అన్నం సహించడం మానేసింది.

గుర్తింపు కోసం బడిని చూడవచ్చిన ఇనస్పెక్టరుది జీపు దిగినప్పటి నుంచీ సణుగుడే. గదులు ఇరుకట, గోడ బీటలట. ప్రార్థనకు మాత్రం బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. రోజూ పిల్లల మీద కళ్లేసి ఉంచే ఎలిశిబా, సుత్తి పట్టుకుని ఆ రోజు తానూ మూసుకుంది.

ఇక గంట మోగితే ఒట్టు. ఎవరి కడుపో గుడగుడలాడింది. ఇనస్పెక్టరు ముక్కు మీద ఈగ వాలితే ఆయన మూతి వంకర తిప్పి ఊదుకున్నాడట. చూసినవాళ్లు చెప్పారు, వాళ్లెలా చూశారో అడక్కండి. శశిధర్ సారు చిన్నగా దగ్గాడు. ఇంకాస్త గట్టిగా దగ్గాడు. ఎలిశిబాలో చలనం లేదు.

ఎట్టకేలకు ఠంగుమంది. ఇనస్పెక్టరు చెమట తుడుచుకుని, "ఎన్నో బళ్లు చూశాను. పిల్లలు ఇంతసేపు కదలకుండా నిలబడటం ఎక్కడా చూడలేదు. గుర్తింపు ఇమ్మని రాస్తాను" అన్నాడు.

జీపు వెళ్లగానే సారు విరుచుకుపడ్డాడు. "ఏందమ్మా, నిలవడే నిద్రవోయినవా? నా పానం పోయింది."

"లేదు సారు. మా లలిత కోసం మొక్కుదామని మొదలువెట్టిన. ఒక్క నా బిడ్డకే అడుగుడు సిగ్గనిపించింది. గందుకని పదో తరగతి పిల్లలందరి పేర్లు ఎత్తిన. అయిపోతదనంగ వహీదును ఇడిసిపెట్టిన్నని గుర్తొచ్చింది. ఇంకెవలన్న తప్పిండ్రేమోనని మళ్ల మొదటికొచ్చిన."

సారు కోపమంతా చల్లబడింది. గొంతు సవరించుకుని, "మరి దగ్గినగద, ఇనవడలేదా?" అన్నాడు.

"ఇనవడ్డది సారు. మీ దగ్గు గూడ తగ్గియ్యమని మొక్కిన. గందుకే ఇంకింత ఆలిశమైంది."