అమ్మ కాపలా కాసిన ఎండుచేపలు

మొన్న మా కోడలు ఫోనులో ఏదో నొక్కితే, మర్నాటికల్లా బీరంగూడలో మా నాలుగో అంతస్తు గుమ్మం ముందు ఎండు నెత్తళ్ళ పొట్లం వచ్చి పడింది. వాసనైనా బయటకు రాకుండా గట్టిగా అతికించిన సంచీ. అంత సులువుగా వచ్చిన దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది, పాపం ఆ పిల్లకు ఎందుకో అర్థం కాలేదు. యాభై ఏళ్ళ కిందటి కోపం అది, మా నాయన మీదిది.

నాయనకు అప్పట్లో కొత్తగా వచ్చిన పెద్ద కర్మాగారంలో ఉద్యోగం. డెబ్బైలలో ఓ వేసవి, కుటుంబంతో ఎక్కడికైనా వెళ్ళి రమ్మని కంపెనీవాళ్ళు సెలవు ఇస్తే, అమ్మ తన జీవితంలో మొదటిసారి తనకంటూ ఒకటి అడిగింది: సముద్రం చూడాలని, అందులో కాళ్ళు పెట్టాలని. లక్డారంలో పుట్టి పెరిగిన మనిషి, చెరువును మించిన నీళ్ళు ఎరగదు. సరే, బందరు వెళ్దామన్నాడు నాయన. అక్కడి చర్చి ఆవరణలో మూడు రోజులకు గది కూడా దొరికింది.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో ఎవరైనా ఊరికెళ్తే ఆ ప్రయాణం వాళ్ళొక్కరిదే కాదు, వాడకట్టు అందరిదీ. హైదరాబాదు పోతే గాజులు, బందరు పోతే ఎండుచేపలు. షిఫ్టులోని వాళ్ళు, ఇరుగుపొరుగు, చర్చి పెద్దలు, ఎవరు తెమ్మన్నా నాయన సరేనన్నాడు. ఇంట్లో అమ్మకు తప్ప లోకంలో ఎవరికీ కాదని చెప్పడం చేతకాని మనిషి.

దిగిన రోజే సముద్రం సంగతి పక్కన పెట్టి పల్లెకారుల వాడకు పరుగెత్తాడు. చెరువు చేపను ఏ పూటకాపూట వండుకుని తినే మా మెతుకుసీమ వాడికి ఎండుచేప ఎంత ఎండాలో ఏం తెలుసు? చూపులకు బాగున్నాయని రెండు గోనెల నిండా తీసుకున్నాడు. "ఇంకా రెండెండలు తగలాలండీ, ఇప్పుడే మూట కట్టమాకండి, పురుగు పడుద్ది" అని అమ్మినావిడ మొత్తుకుంటే, ఇంకా రెండు రోజులు ఉంటాం కదా అన్నాడు. ఆ రెండు రోజులూ ఎవరివో ఆయన ఆలోచించలేదు.

చర్చి వెనక ఖాళీ జాగాలో పాత చీరలు పరిచి, వాటి మీద చేపలు ఆరబోసి, అమ్మ చేతికి ఓ కర్ర ఇచ్చాడు. చుట్టూ కాకులు, పిల్లులు, పైన ఎండ. అమ్మ పొద్దున కూర్చుంటే మాపటికి లేచేది, మధ్యమధ్య ఒక్కొక్క చేపనూ తిరగేసేది. సముద్రం అక్కడికి ఆమడ దూరం.

చివరి రోజు మధ్యాహ్నం సముద్రానికి పోదామని నాయన జట్కా తెచ్చాడు. ఎండ ఇంకా ఉంది, చేపలు ఎత్తే వేళ కాలేదు, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, కర్ర పట్టుకుని కూర్చోగలను. అమ్మ నావైపు చూసింది. నేను అందరికంటే ముందు జట్కా ఎక్కాను.

"మీరు పోయి రాండ్రి, మల్లొచ్చినప్పుడు నేను సూస్త" అంది అమ్మ.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేసరికి గోనెలకు కుట్లు వేస్తోంది. తలెత్తి, "నీళ్ళు సల్లగున్నయా బిడ్డా, ఎచ్చగున్నయా?" అని అడిగింది. ఉప్పు నీళ్ళకు, ఇసుకకు ఒళ్ళంతా చిరచిరలాడుతూ, "ఏమో, నాకేం తెల్సు" అని విసుక్కున్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు, మళ్ళీ బందరు వెళ్ళనూ లేదు. చేపలు తిన్నవాళ్ళు మాత్రం ఏడాదిపాటు నాయనను మెచ్చుకున్నారు, ఎండబెట్టిందెవరని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడు మా అపార్టుమెంటులో ఎవరు ఏ ఊరు పోతున్నారో పక్క తలుపు వాళ్ళకు తెలియదు, ఎవరూ ఎవరినీ ఏమీ తెమ్మనరు. ఈ కాలం అప్పుడే వచ్చుంటే అమ్మ హాయిగా నీళ్ళలో దిగేది కదా అనిపిస్తుంది, అంతలోనే ఆ వాడకట్టు కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఈ రెంటి మధ్యా నాకు నెమ్మది లేదు. పంతులమ్మ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒక్కదాన్నే బందరు వెళ్ళి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయమ్మా. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.