జనుము నులక మంచం

మా నాన్న భూగర్భ గనిలో పనిచేసేవాడు. బొగ్గు టబ్బులను లాగే ఇనుప తాడులో చిక్కుకుని ఆయన ఎడమచేతి రెండు వేళ్లు పోయాయి. అయినా డ్యూటీ దిగి నేరుగా ఊళ్లోని మా చెలకకు పోయేవాడు. తొలకరికి ఓ మూలన జనుము చల్లేవాడు. పసుపు పూలు రాలి కాయలు పట్టాక కోసి, కట్టలు కట్టి, వాగు మడుగులో రాళ్ల బరువు పెట్టి నానేసేవాడు. వారం పది రోజులకు నీళ్లు నల్లబడి కంపు కొట్టేవి. అమ్మా ఆయనా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, బండకు బాది, ఉతికి ఆరేసేవారు. ఎడ్ల పగ్గాలు, మంచాల నులక, అన్నీ ఆ నారతోనే.

తరవాత ఓపెన్ కాస్ట్ గనికింద ఊరు పోయింది, చెలకా పోయింది. మేం రామగుండం దగ్గర ఇల్లు కట్టుకున్నాం. నులక తెగిన మంచాలకు ప్లాస్టిక్ నవారు నేయించాం.

కిందటేడు ఎండాకాలం అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. నవారు వేడెక్కి, చెమటకు వీపు కమిలి పుండ్లయ్యాయి. దవాఖానవాళ్లు చెప్పిన గాలి పరుపు తెచ్చాను. దానిమీద అమ్మకు నిద్ర పట్టలేదు. ఒకరోజు నాన్నతో అంది:

"జనుము నులక మంచం నేసియ్యరాదు? వీపుకు జర గాలాడుతది."

"గిప్పుడు నారెక్కడ దొరుకుతది నాన్నా? ఊరూరు తిరుగుడెందుకు?" అని నేనే విసుక్కున్నాను.

ఆయన వినలేదు. నస్పూర్ అవతలి పల్లెల్లో మూడు రోజులు తిరిగాడు. అందరూ ఒకటే మాట: "జనుము ఏస్తున్నం గని, పూతకు రాంగనే పచ్చిరొట్ట ఎరువుకు మడిల దున్నుతున్నం కాకా. నార ఎవలు తీస్తున్నరు?" చివరికి ఒక అవ్వ అటక మీంచి రెండు చుట్టలు దించింది. "పసుల పగ్గాలకని దాసిన. పసులనే అమ్మేస్తిమి. తీస్కపో బిడ్డా," అంది.

నాన్న వాకిట్లో కూర్చుని తొడమీద నార పేనాడు. రెండు వేళ్లు లేని చేతికి పట్టు దొరక్క పురి సడలేది, విప్పి మళ్లీ పేనేవాడు. తొడమీద తోలు లేచిపోయింది. నేను ఒక కొస పట్టుకుని కూర్చునేదాన్ని. మంచం నేసేసరికి పదకొండు రోజులైంది.

అమ్మను దానిమీద పడుకోబెట్టాం. నులకకు చెంప ఆనించి చాలాసేపు అట్లాగే ఉంది. "వాగు వాసనొస్తున్నది," అంది, మాట ముద్దగా.

పుండ్లు మానలేదు. తొమ్మిదో రోజు పొద్దున అమ్మ పోయింది.

చనిపోయినవాళ్ల మంచం ఇంట్లో ఉంచరాదన్నారు చుట్టాలు. "మంచం కోళ్లు, పట్టెలు తీస్కపోన్రి, నేను నులక ఇప్పుకుంట," అన్నాడు నాన్న. ఎవరూ ఒప్పుకోలేదు. నేనూ నోరు మెదపలేదు. మంచాన్ని తీసుకెళ్లి శ్మశానం దగ్గర వదిలేసి వచ్చారు.

ఆ తరవాత నాన్న మాట తగ్గించాడు. మొన్న వానలు మొదలవుతుంటే ఆయన పక్కన కూర్చుని, "ఇంటెనక జాగల జనుము చల్లుదామా నాన్నా?" అని అడిగాను.

"నానెయ్యడానికి వాగేది బిడ్డా?" అన్నాడు.

మా వాగును గనికోసం ఎప్పుడో మళ్లించేశారు. నేను గింజలు తేలేదు.